మాస్టారిని ఎవరడిగారు?

బడి, ఆఫీసు గది
బడులు తెరిచిన మూడో వారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. దగ్గు తగ్గింది. బదిలీకి దరఖాస్తు పెట్టుకోమన్న సంగతి ఈసారీ మొదటి వాక్యంలోనే రాశావు, క్షేమమా అని అడగడం కంటే ముందు. ఈ ఏడాది మాత్రం పెట్టను. అలిగితే అలుగు. కారణం చెబుతాను, వినేదాకా ఆ కత్తెర పక్కన పెట్టు.

మా బడిలో పిల్లల సభ మొదలుపెట్టాను. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడు. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా అందరూ హాల్లో నేలమీద గుండ్రంగా కూర్చుంటారు. నేనూ, టీచర్లూ, ఆయమ్మా కూడా నేలమీదే. బడి ఎలా నడవాలో మాట్లాడుకుని ఓటు వేస్తాం. మనిషికి ఒక్క ఓటు. హెడ్మాస్టరుకీ ఒకటే, పలక మీద అక్షరం తిప్పి రాసే బుడంకాయకీ ఒకటే. ప్రమాదం లేని పని ఏదైనా సరే, ఎక్కువమంది అన్నది జరిగి తీరుతుందని మాటిచ్చేశాను. లెక్కల టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, "వారానికి మూడు ఆదివారాలు కావాలంటారు సార్, ఇస్తారా?" అంది.

వాళ్లు అడిగింది అది కాదక్కా. మొదటి శుక్రవారం ఎవరూ నోరు విప్పలేదు. గోడలకేసీ, నాకేసీ చూస్తూ కూర్చున్నారు. ఇంక గంట కొట్టిద్దామనుకుంటుంటే రెండో తరగతి పిల్ల ఒకతి లేచి, "మరుగుదొడ్డి తలుపు గడియ మాకు అందదు సార్. ఎవరినైనా కాపలా పెట్టుకుని వెళ్తాం. ఎవరూ రాకపోతే ఇంటికెళ్లేదాకా ఆపుకుంటాం" అంది. ఆరేళ్లుగా రోజూ ఆ తలుపు ముందు నుంచే నడుస్తున్నాను. గడియ నా భుజం ఎత్తులో ఉంది కాబట్టి నాకెప్పుడూ తప్పు కనబడలేదు. సిగ్గేసింది.

వడ్రంగిని పిలిచి గడియ కిందికి దించాం. ఆ రోజంతా అవసరం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ లోపలికెళ్లి గడియ పెట్టడం, తియ్యడం, మళ్లీ పెట్టడం. ఆయమ్మ తల ప్రాణం తోకకొచ్చింది.

రెండో శుక్రవారం, పొద్దున ప్రార్థన తర్వాత నేనిచ్చే ఉపన్యాసం తగ్గించాలని తీర్మానం చేశారు. ఎండలో నిలబడలేకపోతున్నారట. వద్దని ఒక్క చెయ్యే లేచింది. అది నాది.

ఇంత మంచి పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసి ఎలా రమ్మంటావు?

నీ తమ్ముడు


కుట్టు దుకాణం
ఆదివారం

చిన్నోడా,

నీ ఉత్తరం మీ బావ చదువుతుంటే దుకాణంలో మిషన్లన్నీ ఆగిపోయాయి. కాజాలు కుట్టే అమ్మాయి నవ్వి నవ్వి సూది గుచ్చుకుంది. "అమ్మా, మనమూ సభ పెట్టుకుందామా?" అంటోంది. పెట్టుకుందాం తల్లీ, ముందు ఆ చొక్కాలు కానివ్వు అన్నాను.

నీ సభ బాగానే ఉంది కానీ నీకో బుర్ర ఉందా అని నా అనుమానం. చేతులెత్తిస్తే చిన్నపిల్లలు పెద్దపిల్లల చేతులు చూసి ఎత్తరూ? నా దగ్గర పనిచేసే ఆడవాళ్లే కటింగ్ చేసే పెద్దావిడ మొహం చూసి గాని తల ఊపరు. ఇక పసివాళ్లెంత? ఒక సంచీ గుండీలు పంపుతున్నాను. జతలు పోయినవే, ఎందుకూ పనికిరావు. తెల్లది వేస్తే సరే, రంగుది వేస్తే వద్దు. మూతకి చిల్లు పెట్టిన డబ్బా ఒకటి గది మూల పెట్టు. ఒక్కొక్కళ్లే వెళ్లి వేసి రావాలి. ఈమాత్రం నీకు తట్టలేదూ, హెడ్మాస్టరువి!

ఇక నా మాట విను. మా వీధి చివరి బడిలో హెడ్మాస్టరు ఈ ఏడు రిటైరవుతున్నాడు. మేడమీద గదికి రంగు వేయించాను. నువ్వక్కడ ఆ సైకిల్ షాపు పైన ఒంటిగదిలో, ట్యూబులకి గాలి కొట్టే చప్పుడు వింటూ, ఏం తింటున్నావో ఏం తాగుతున్నావో. పెళ్లి వద్దన్నావు, సరే అన్నాను. ఒంట్లో బాగోకపోతే మంచినీళ్లిచ్చేవాళ్లయినా ఉండొద్దూ? అమ్మ పోయేనాటికి నీకు నాలుగేళ్లు. అప్పట్నుంచి నీ మంచిచెడ్డలు చూసింది నేను. నీకేం కావాలో నీకంటే నాకే బాగా తెలుసు.

నిన్న విద్యాశాఖ ఆఫీసరుగారి భార్య బట్టలకి కొలతలిచ్చి వెళ్లింది. మంచి మనిషి. ఊరికే రాశాను.

మీ అక్క


బడి, వరండా
వానలు పడుతున్న వారం

అక్కా,

చిరునామా చూశావుగా. ఇకమీదట నా ఆఫీసు వరండాలోనే.

ముందు గుండీల సంగతి. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. చేతులెత్తినప్పుడు ప్రతిదానికీ అందరూ సరే. గుండీలొచ్చాక అసలు మనసులు బయటపడ్డాయి. ఒకటో తరగతి వాడొకడు మాత్రం మెరిసే నీలం గుండీ ఇష్టపడి డబ్బాలో వెయ్యకుండా నోట్లో పెట్టుకున్నాడు. లెక్కల టీచరమ్మ వాడి దవడలు పట్టుకుని కక్కించింది. ఇప్పుడు ఓటయ్యేదాకా డబ్బా పక్కన తనే కాపలా.

ఇక గది. మాకు గదులు తక్కువ. ఒకటో తరగతి వరండా చివర కూర్చునేది. వాన పడితే జల్లు కొట్టి పలకలు తడిసిపోతాయి. వాళ్లనెత్తి రెండో తరగతిలో కుక్కితే ఇద్దరికీ చదువుండదు. మొన్న సభలో నాలుగో తరగతి పిల్ల లేచింది. బడంతా దాన్ని లాయరమ్మ అంటారు. చేతులు వెనక్కి కట్టుకుని నన్ను బోనెక్కించింది.

"సార్, ఆఫీసు గదిలో మీరు ఎప్పుడు కూర్చుంటారు?"

"క్లాసు లేనప్పుడమ్మా."

"మీకు క్లాసు ఎప్పుడుండదు?"

నాకు రోజంతా ఏదో ఒక క్లాసుంటుందని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"అంటే ఆ గదిలో కుర్చీ ఒక్కటే కూర్చుంటోంది సార్. రెండు కిటికీలున్న గది. కుర్చీకి గాలెందుకు?"

ఆయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఓటు పెట్టాం. డబ్బా నిండా తెల్ల గుండీలే. నేనూ తెల్లదే వేశాను, నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ సాయంత్రమే నా బల్ల వరండాలోకొచ్చింది. జల్లు పడకుండా దూలానికి గొడుగు కట్టుకున్నాను. ఒకటో తరగతి లోపల కూర్చుని కిటికీలోంచి నన్ను చూసి చేతులూపుతోంది. వాళ్ల మొహాలు చూడాలి అక్కా నువ్వు!

రంగు ఎందుకు వేయించావు? నేను రానన్నానుగా.

నీ తమ్ముడు


కుట్టు దుకాణం
బుధవారం

చిన్నోడా,

దగ్గున్నవాడివి వానలో వరండాలో కూర్చుంటావా? గొడుగు కట్టుకున్నాడట, ఘనకార్యం! మెడకి చుట్టుకోవడానికి ఉన్ని గుడ్డ పంపుతున్నాను, చుట్టుకో. లాయరమ్మకి నా దుకాణంలో ఉద్యోగం ఖాయమని చెప్పు. బాకీలు ఎగ్గొట్టేవాళ్ల దగ్గరికి దాన్నే పంపుతాను.

మేడమీద గదికి కర్టెన్లు కుట్టాను. ఎందుకని అడగకు.

మీ అక్క


బడి, వరండా
శనివారం

అక్కా,

ఆఫీసరుగారు చెప్పాపెట్టకుండా జీపులో దిగారు. ఆ వేళకి నేను గొడుగు కింద హాజరుపట్టీ రాసుకుంటున్నాను. "హెడ్మాస్టరు గది ఏది?" అన్నారు. లేచి చూపించాను. ఆయన గుమ్మం దాటబోతుంటే బుడంకాయ ఒకడు అడ్డంగా నిలబడి, "చెప్పులు బయట విప్పాలి. ఇది మా గది" అన్నాడు.

"మీ గదా? ఎవరిచ్చారు?"

"మేమే ఇచ్చుకున్నాం. ఓటేసుకుని."

ఆయన చెప్పులు విప్పారు. లోపలంతా కలియతిరిగారు. లాయరమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చి గడియ దగ్గర్నుంచి గది దాకా మొత్తం అప్పజెప్పింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. జీపెక్కబోతూ, "హెడ్మాస్టరంటే హెడ్మాస్టరులా ఉండాలండీ. సరే, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు. పిల్లలకీ నచ్చలేదు. సాయంత్రం దాకా ఒక్కడూ అల్లరి చేయలేదు.

నీ నుంచి ఉత్తరం రాక చాలా రోజులైంది. ఒంట్లో బాగుందా?

నీ తమ్ముడు


బడి, ఆఫీసు గది
సోమవారం

అక్కా,

మళ్లీ ఆఫీసు గదిలోంచి రాస్తున్నాను. ఎందుకో వింటే నీకూ మనసు పాడవుతుంది.

నాకు బదిలీ ఆర్డరొచ్చింది. పాలనా సౌలభ్యం కోసమట. నెలాఖరుకి ఇక్కడ ఖాళీ చెయ్యాలి. వేసింది కూడా ఎక్కడికనుకున్నావు, మీ వీధి చివరి బడికే. శిక్షలో కూడా నీ కోరిక తీరింది. గది పిల్లలకిచ్చినందుకు శిక్షే ఇది, ఇంకేముంటుంది?

శుక్రవారం సభలో చెప్పేశాను. దాచిపెట్టడం నాకు చేతకాలేదు. గది వల్లే అని నేననలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. లాయరమ్మ మొహం పాలిపోయింది.

ఇవాళ పొద్దున నేను వచ్చేసరికి నా బల్ల ఆఫీసు గదిలో ఉంది. తాళం ఆయమ్మ తీసిందట. అయిదో తరగతి వాళ్లు బల్ల మోశారు. లాయరమ్మ నా కుర్చీని తన గౌను అంచుతో తుడుస్తోంది. ఒకటో తరగతి మళ్లీ వరండాలో, పలకలు ఒళ్లో పెట్టుకుని, ఒద్దిగ్గా. ఇదేంటర్రా అంటే, బుడంకాయ చెప్పాడు: "మాకు గది వద్దు సార్. గడియ కూడా పైన పెట్టించెయ్యండి. మేమింకేమీ అడగం. మీరు వెళ్లకండి."

వాళ్లను ఎలా ఓదార్చాలో తెలియలేదు. బదిలీ అయితే అయింది. ఎక్కడైనా పిల్లలే, ఎక్కడైనా పలకలే. కానీ నేను వీళ్లకి ఏం నేర్పినట్టు? నోరు విప్పి అడిగితే ఇష్టమైనవాళ్లు దూరమవుతారని నేర్పాను. ఇంక ఈ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా ఎక్కడా నోరు విప్పరు. అసలు సభే పెట్టకపోయినా బాగుండేది. గడియ అందకపోతే కాపలా పెట్టుకునేవాళ్లు, అంతే కదా. ఇది అంతకంటే ఘోరం.

కర్టెన్లు వేసి ఉంచు. వస్తాను.

నీ తమ్ముడు


కుట్టు దుకాణం
గురువారం

చిన్నోడా,

ఈ ఉత్తరం మీ బావ చదివాడు. బుడంకాయ మాటల దగ్గర ఆగిపోయి కళ్లజోడు తీసేశాడు. నేను మిషను ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను.

అది శిక్ష కాదురా. చేయించింది నేను.

నీకు గుండీలు పంపిన వారమే ఆఫీసరుగారి భార్యతో చెప్పాను. మా తమ్ముడు ఒంటిగాడు, వాణ్ణి నా కళ్లముందుకి తెచ్చిపెట్టమ్మా అని. ఆవిడ ఆయనతో చెప్పింది. ఆయన జీపేసుకుని వచ్చింది నువ్వు ఎలాంటివాడివో చూద్దామని. ఇంటికెళ్లి చెప్పులు విప్పించిన సంగతి చెప్పి పడీపడీ నవ్వాడట. గది గురించి ఆయన ఒక్క ముక్క రాయలేదు. నీకు చెప్పకుండా ఉన్నది ఎందుకంటే, చెబితే వద్దంటావని. ఆర్డరు చేతికొస్తే చచ్చినట్టు వస్తావని.

నీ ఉత్తరం విన్నాక, ఇప్పుడే వెళ్లి రద్దు చేయించి వస్తానని చెప్పులేసుకున్నాను. మీ బావ సంగతి నీకు తెలుసుగా, వారానికో మాట మాట్లాడతాడు. ఆ మాట ఇవాళ మాట్లాడాడు. "ఈసారైనా వాణ్ణి అడిగావా?" అన్నాడు. చెప్పులు విడిచేశాను.

నెలాఖరులోగా నువ్వు వద్దని కాగితం రాస్తే రద్దవుతుందట, ఆఫీసరుగారి భార్యే కబురు పంపింది. కాబట్టి ఈసారి అడుగుతున్నాను. ఈ కవర్లో పిల్లలకో ఉత్తరం పెట్టాను. ఇదివరకు చాలా కప్పిపెట్టాను, ఈ మాట మాత్రం అందరి ముందే చెప్పాలనుంది, నువ్వు ముందు చదవకు. వచ్చే వారం శుక్రవారం సభలో వాళ్లచేతే చదివించు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. పడతాను.

మీ అక్క


కుట్టు దుకాణం
గురువారం

బడి పిల్లలందరికీ,

నేను మీ మాస్టారి అక్కను. గుండీలు పంపినదాన్ని.

మీ మాస్టారికి బదిలీ అయింది మీ వల్ల కాదు. మీ గది వల్ల కాదు. గడియ వల్ల అసలే కాదు. నా వల్ల. ఆయన మా ఇంటి దగ్గర ఉండాలని నాకు అనిపించింది. ఆయనతో ఒక్క మాట అనకుండా నేనే ఆఫీసరుగారి ఇంట్లో చెప్పి చేయించాను. మీరు అడిగినవన్నీ మంచివే అడిగారు. ఒకటో తరగతి వాళ్లు ఇది చదవడం అయిపోగానే లేచి మీ గదిలోకి వెళ్లిపోవాలి. మాస్టారి బల్ల వరండాలోకి లాగెయ్యాలి. వాన పడితే గొడుగుంది.

మిమ్మల్ని ఏడిపించాను. నన్ను క్షమించండమ్మా. నాకు పిల్లల్లేరు, మీ మాస్టారే నా కొడుకు. అందుకని కొంచెం ఎక్కువ చేస్తుంటాను.

ఇప్పుడు మీరు గుండీలతో ఓటేయండి. మాస్టారు మీ దగ్గరే ఉండాలంటే తెల్లది, నా దగ్గరికి రావాలంటే రంగుది. మీరు ఏదంటే అది. నేను ఒక్క మాట ఎదురు చెప్పను.

మీ పెద్దమ్మ


బడి, హాలు
శుక్రవారం

పెద్దమ్మగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం అందరం కలిసి చెబితే నాలుగో తరగతి లాయరమ్మ రాస్తోంది. తప్పులు దిద్దొద్దని మాస్టారికి చెప్పాం.

మీ ఉత్తరం చదివాం. ఒకటో తరగతి వాళ్లు మధ్యలోనే లేచి గదిలోకి పరిగెత్తారు. తర్వాత మళ్లీ పిలిచి మొత్తం వినిపించాం. మీ మీద కొంతమందికి కోపం వచ్చింది. ఆయమ్మకి ఏడుపొచ్చింది. లెక్కల టీచరు మాస్టారు చూడకుండా అటు తిరిగి ముక్కు తుడుచుకున్నారు. ఆవిడ మొదట్లో సభ వద్దన్నారు కదా, ఇప్పుడు డబ్బా ఆవిడే తెస్తారు.

మీరు చెప్పినట్టే డబ్బా తెచ్చి పెట్టాం. గుండీలు పంచాం. అందరూ తెల్లవే తీసుకున్నారు. అప్పుడు ఒకటో తరగతి వాడు ఒక డౌటు అడిగాడు. "సార్‌కి ఇష్టమా?" అన్నాడు.

మాకెవ్వరికీ తెలియదు. మీరు ఆయన్ని అడగలేదు. ఆఫీసరుగారూ అడగలేదు. ఇప్పుడు మేమూ అడక్కుండా గుండీలు వేసేస్తున్నాం. మా గడియ గురించి మమ్మల్ని అడిగితేనే తెలిసింది కదా. అందుకని గుండీలు వెనక్కి తీసేసుకున్నాం. తీర్మానం ఏమిటంటే, మాస్టారు ఎక్కడుండాలి అనేదానికి ఓటు ఆయనదొక్కటే. మాకు లేదు. మీకూ లేదు. ఏమీ అనుకోకండి.

మాస్టారిని మధ్యలో నిలబెట్టి, మీకేం కావాలి సార్ అని అడిగాం. ఆయన ఏం చెప్పారో మేం రాయం. అది ఆయనే రాయాలి.

మీరు ఒకసారి మా సభకి రండి. నేలమీద కూర్చోవాలి. మీకూ ఒక ఓటు ఇస్తాం.

బడి పిల్లలు


బడి, వరండా
శుక్రవారం సాయంత్రం

అక్కా,

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. పిల్లల ఉత్తరం చదివాక అవి రాయబుద్ధి కావడం లేదు.

నలభై నాలుగేళ్లొచ్చాయి నాకు. నా చొక్కాలు నువ్వే ఎంచావు, నా చదువు నువ్వే ఎంచావు, టీచరు ట్రైనింగు దరఖాస్తు కూడా నువ్వే నింపావు. సంతకం ఒక్కటే నాది. అన్నీ సరిగ్గానే ఎంచావు, అందులో అబద్ధం లేదు. ఈ ఉద్యోగం నా చేతిలో పెట్టినందుకు నీకెన్ని దండాలు పెట్టినా చాలవు. కానీ అంతమంది పిల్లలు చుట్టూ కూర్చుని, "మీకేం కావాలి సార్?" అని అడిగేసరికి నాకే అనుమానమొచ్చింది. రానన్నది నీతో వాదించడానికేనా, నిజంగా నాకిక్కడే ఉండాలనుందా? ఆ మాట ఇదివరకు నన్ను నేను కూడా అడుక్కోలేదు. ఆలోచించాను. నువ్వూ గుర్తొచ్చావు. నీ కళ్లముందుంటే ఎంత సుఖమో నాకు తెలియదా? నిన్ను చూడాలని నాకు మాత్రం ఉండదా?

నేనలా నిలబడిపోతే బుడంకాయ లేచొచ్చి నా చొక్కా పట్టి కిందికి లాగాడు. "అందరికీ చెప్పాలంటే భయమైతే నా చెవిలో చెప్పండి సార్" అన్నాడు. వంగి వాడి చెవిలో చెప్పాను. ఒక్క క్షణం ఆగి, హాలు అదిరేలా అరిచాడు: "ఉంటారంట!"

తర్వాత ఏం జరిగిందో రాయలేను. లెక్కల టీచరమ్మ చప్పట్లు కొడుతుంటే నేను మొదటిసారి చూశాను.

వద్దని కాగితం రాసి ఆఫీసుకి పంపేశాను. నీకు బాధగా ఉంటుంది. నాకూ ఉంది, దాచను. నీ మాట కాదన్నందుకు కాదు, నీకు దూరంగా ఉంటున్నందుకు. సెలవులివ్వగానే వస్తున్నాను, సెలవులన్నీ నీ దగ్గరే ఉంటాను. రమ్మని నువ్వు రాయకముందే చెబుతున్నాను అక్కా, నాకు రావాలని ఉంది.

నీ తమ్ముడు